సముద్రంలో మంచినీళ్ల బావి

ఓడా, నీకు దండం.

సముద్రం ఎరగని ఊరి నుంచి వచ్చి పెడుతున్న దండం ఇది. మాది చౌటుప్పల్. హైదరాబాదుకూ బెజవాడకూ నడుమ, అరవై అయిదో నంబరు జాతీయ రహదారిని ఆనుకుని కూర్చున్న ఊరు. చుట్టూ గుట్టలు, బండలు, తాటిచెట్లు, పత్తి చేలు. పేరు పలికితేనే నా చెవికి చౌడూ ఉప్పూ రెండూ వినిపిస్తాయి. ఎండాకాలం రాత్రులు డాబా మీద పండుకుంటే దూరాన రోడ్డు మీద బస్సులు పోయేవి, కిటికీలన్నీ వెలిగించుకుని, ఒకదాని వెనక ఒకటి. చిన్నప్పుడు మాకు తెలిసిన ఓడలు అవే.

నీలో వైభోగాలు చాలా ఉన్నాయి. ఈత కొలనుంది, నాటకశాలుంది, రాత్రి రెండింటికి కూడా వేడి వేడిగా వడ్డించే వంటశాలుంది. వాటి దగ్గరికి వస్తాను. ముందుగా నేను చేతులెత్తి మొక్కేది నీ స్నానాల గదిలోని చిన్న నల్లాకి. తిప్పగానే నడిసముద్రంలో మంచినీళ్లు పోసిన నల్లాకి.

ఎందుకో చెప్పాలంటే మా నీళ్ల సంగతి చెప్పాలి. మా నేల కింద పరుచుకున్నది గ్రానైటు బండ. దాని పగుళ్లలో ఏళ్లతరబడి నిలవున్న నీళ్లలో ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్నది కొలత. మా నల్లగొండ పల్లెల్లో ఎన్నో బోర్లు ఆ కొలతను ఎన్నడో దాటిపోయాయి. పళ్ల మీద గోధుమరంగు గార, పదేళ్లకే వంకర తిరిగిన కాళ్లు, నడివయసుకే మెడ తిప్పలేని మనుషులు. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతి కనిపెడితే దానికి స్థిరపడిన పేరు నల్లగొండ టెక్నిక్. దేశదేశాల పుస్తకాల్లో మా పాత జిల్లా పేరు అట్లా కనిపిస్తుంది, జబ్బు నీళ్ల పక్కన.

మా అమ్మ ఆ నీళ్లు తాగే పెరిగింది, ఆ నీళ్లే మోసింది. మాది మగ్గం ఇల్లు. నాన్న నేసేవాడు, అమ్మ ఆసు పోసేది, అద్దకానికి ముందు నూలుకు చిటికి ముళ్లు కట్టేది. ఆసు పోయడమంటే ఒక చెయ్యి అర్ధచంద్రంలా అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూనే ఉండాలి, రోజుకు కొన్ని వేల సార్లు. ఆలేరు వైపు శారాజిపేటలో పుట్టిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేశాడు. అది మా ఇంటికి వచ్చేసరికి అమ్మ భుజం అరిగిపోయింది. మోకాళ్లు అంతకు ముందే పోయాయి.

2022 జూన్ 8న కార్డీలియా సంస్థ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం రేవుకు తొలిసారి వచ్చింది. పత్రికలో బొమ్మ కింద ఆ తారీఖు దగ్గర నా కన్ను ఆగింది. సరిగ్గా ఏడేళ్ల కింద, 2015లో అదే జూన్ 8న, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను మా చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. ఆ నెలలోనే అమ్మను తీసుకుని బయల్దేరాను. “నీళ్లు లేని ఊళ్లె పుట్టి నీళ్లల్ల తిరుగుడా!” అన్నది అమ్మ, మామిడికాయ తొక్కు సీసాను పాత చీరముక్కలో చుడుతూ.

ఓడా, నిన్ను దగ్గర నుంచి చూసినప్పుడు అమ్మ మాట్లాడలేదు. తల వెనక్కి వంచడం ఆమెకు కష్టం. రెండడుగులు వెనక్కి జరిగింది, ఇంకో రెండు జరిగింది, నువ్వు పూర్తిగా కంటికి పట్టేదాకా జరుగుతూ పోయింది. పదకొండు అంతస్తులు, ఎనిమిది వందలకు కాస్త తక్కువ గదులు, 211 మీటర్ల పొడుగు. “ఎన్ని చీరలు?” అని అడిగింది. మా ఇంట్లో పొడుగును అట్లాగే కొలుస్తారు. ముప్పై ఎనిమిది చీరలు కొసలు కలిపి పరిస్తే నీ ముక్కు నుంచి తోక దాకా వస్తాయి.

1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజైర్‌లో పుట్టావు. పుట్టింటి పేరు నార్డిక్ ఎంప్రెస్. ఏళ్లు గడిచేకొద్దీ పేరుకు ముందో వెనకో ఒక మాట చేరింది, ఒక మాట రాలింది. ఎంప్రెస్ మాత్రం నిలిచింది. ఇంటిపేరు మారినా పిలిచే పేరు మారని ఆడపిల్లలా ముప్పై రెండేళ్ల వయసులో బంగాళాఖాతానికి వచ్చావు. నీకంటే పెద్దవి ఉన్నాయని తెలుసు. 2024 జనవరిలో మయామి నుంచి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌కి ఇరవై అంతస్తులు, ఏడు కొలనులు. అది నగరం. నువ్వు మా మండల కేంద్రమంత. మాకు సరిపోయావు.

సంగతి ఏమిటంటే, ఓడ ఎక్కడమంటే ఎక్కడికో చేరడానికే అని లోకం చాలాకాలం అనుకుంది. చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం తగ్గిపోయి ఓడలు ఖాళీగా ఉంటుంటే, ఆల్బర్ట్ బాలిన్ అనే జర్మనీ ఓడల వ్యాపారి 1891 జనవరిలో అగస్టా విక్టోరియాను మధ్యధరా సముద్రం మీద షికారుకు పంపాడు. తొమ్మిదేళ్లకు అచ్చంగా షికారు కోసమే కట్టిన ఓడ, ప్రింజెసిన్ విక్టోరియా లూయిజ్, నీళ్లలోకి దిగింది. ఎక్కిన చోటికే తిరిగొచ్చే ప్రయాణం! మా అమ్మ లాంటి మనిషికి ఆ మాట అర్థం చేయించడం కష్టమయింది. “మరి పని ఏంది ఆడ?” అన్నది. పనేమీ లేదమ్మా. “ఏమీ లేదా?” అని మళ్లీ అడిగింది. అరవై రెండేళ్ల జీవితంలో పని లేని చోటికి పోవడం ఆమెకు అదే మొదటిసారి.

నువ్వు కదులుతున్నప్పుడు నాకు ముందు తెలియలేదు. డాల్ఫిన్ నోస్ కొండ కదిలిందనుకున్నాను. రేవు ఒడ్డున గుట్టల మీద వెంకటేశ్వరుడి గుడి, దర్గా, చర్చి, మూడూ మెల్లగా వెనక్కి పోయాయి. అమ్మ మూడింటికీ దండం పెట్టింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఆవిరి ఓడతో ఈ రేవు తన పని మొదలుపెట్టింది. స్వతంత్రం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ జలఉష, 1948 మార్చిలో, ఇక్కడే నీళ్లు తాకింది. ఒడ్డు దాటాక, దారి చూపిన పైలట్ నీ పక్కటెముకల మీది తాళ్ల నిచ్చెన పట్టుకుని చిన్న పడవలోకి దిగిపోయాడు. అప్పగింతలయ్యాక పుట్టింటివాళ్లు ఊరి పొలిమేరలో ఆగిపోయినట్టుంది.

అంతకు ముందే ఒక హెచ్చరిక మోగించావు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఆపద వస్తే ఎవరు ఎక్కడ నిలబడాలో, నీళ్లలో తేల్చే తొడుగు ఎట్లా వేసుకోవాలో, ఏ పడవ ఎవరిదో చూపించావు. టైటానిక్ మునిగిన రెండేళ్లకు, 1914లో, పలు దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందంలో ఓడ మీద ఉన్న ప్రతి ప్రాణికీ పడవలో చోటుండాలని పెట్టుకున్నారు. నారింజరంగు పడవలు నీ ఒంటికి రెండు వైపులా వేలాడుతుంటే, నడుముకు పిల్లల్ని ఎత్తుకున్న తల్లిలా కనిపించావు. విందుకు ముందు ప్రాణం మాట ఎత్తావు. అందుకు నీకు ఇంకో దండం.

గదిలో అడుగుపెట్టగానే అమ్మ మంచం మీది దుప్పటి అంచును వేళ్ల మధ్య పట్టి నలిపింది. మా పక్కనే కొయ్యలగూడెం, నేసిన దుప్పట్లకు పేరున్న ఊరు. “మిల్లుది. ఐనా నూలు మంచిగున్నది” అన్నది. తెల్లటి తువ్వాలును మడిచి హంసలా నిలబెట్టారు. దాన్ని విప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. మూడు రాత్రులూ ఆ హంస కుర్చీలోనే ఉంది.

గదులు చూసే కుర్రవాడు శ్రీకాకుళం వైపు వాడు. అమ్మ స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పింది. కొంగు నోటికి అడ్డంపెట్టి తుపుక్కున ఉమ్మేయడానికి సిద్ధపడి దోసిట్లో నీళ్లు నోట్లో పోసుకుంది. ఉమ్మలేదు. మింగి ఇటు తిరిగింది.

“గీ నీళ్లు యాడియి బిడ్డా? ఓడల బాయి ఉన్నదా?”

కుర్రవాడు నవ్వాడు. “బావి ఏటీ లేదమ్మా, సముద్రం నీళ్లే. ఉప్పు తీసేసి ఇస్తారు.”

“తాగొచ్చునా?”

“మేం తాగేవీ అవేనమ్మా.”

అమ్మ గ్లాసు నింపుకుని మంచం మీద కూర్చుని మెల్లగా తాగింది. తాగి, గ్లాసు అడుగు చూసి, “సముద్రం నీళ్లకే గింత రుచి తెచ్చిండ్రు. మన బాయి నీళ్లకు తేలేకపాయిరి” అన్నది. కోపంగా అనలేదు. దారం తెగితే ముడివేసుకుంటూ అనే మాటలా అన్నది.

ఓడా, నీ పొట్టలో ఏం జరుగుతుందో ఆ రాత్రి కుర్రవాడు చెప్పినంతా, తరువాత నేను చదువుకున్నంతా కలిపి నీకే అప్పజెబుతున్నాను. స్తోత్రమంటే అదే కదా, దేవుడి చరిత్రను దేవుడికే వినిపించడం. రేవులో ఉండగా కొంత నీళ్లు నింపుకుంటావు. తీరం దగ్గర సముద్రం మురికి కాబట్టి అక్కడ మంచినీళ్లు చేయవు. ఒడ్డు కనుమరుగైనాక నీళ్లు లోపలికి లాక్కుంటావు. నిన్ను నడిపే ఇంజన్లకు వేడెక్కిన ఒళ్లుంటుంది. ఆ వేడిని వదిలేయకుండా ఉప్పునీళ్ల పక్కకు పంపుతావు. గాలి తీసేసిన పాత్రలో నీరు నూరు డిగ్రీలదాకా ఆగదు, చాలా ముందే ఆవిరవుతుంది. ఆవిరి పైకి పోతుంది, ఉప్పు కింద మిగులుతుంది. ఆవిరి చల్లబడి బొట్లు బొట్లుగా దిగుతుంది. అది ఉత్త నీరు, రుచి లేని నీరు. దానికి పిడికెడు ఖనిజాలు చేర్చి, క్రిములు చావడానికి క్లోరిన్ కలిపి, అప్పుడు గొట్టాల్లోకి వదులుతావు. కొత్త ఓడలు పొర గుండా గట్టి ఒత్తిడితో నీళ్లను తోసి ఉప్పును ఆపేస్తాయి. అది మాకు తెలిసిన విద్యే. మా వాడల్లో ఆర్వో ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లం మేం.

భగీరథుడు గంగను సాగరందాకా నడిపించాడు. నువ్వు సాగరంలోంచి గంగను తోడుతున్నావు. ఆయనకు ఎన్ని వేల ఏళ్ల తపస్సు పట్టిందో పురాణం చెబుతుంది. నీకు ఇంజను వేడి చాలింది. పారబోసుకోవాల్సిన వేడితో మనుషుల దాహం తీర్చావు. పొయ్యిలో మిగిలిన నిప్పు మీద రేపటి పాలు కాచే ఇల్లాలి గుణం ఇది. ఇన్ని నీళ్లుండి కూడా పొదుపు మరవలేదు. నీ మరుగుదొడ్డి గాలితో లాగుతుంది, ఒక్కసారికి లీటరుకు అటూఇటూ చాలు. కలిగినింట్లో కూడా గింజ పారేయని పద్ధతి నీది.

ఇక భోజనం. అమ్మ ఇంట్లో అందరూ తిన్నాక తినే మనిషి. గిన్నె అడుగు గోకితే వచ్చే శబ్దమే ఆమె అన్నం వేళకు గుర్తు. నీ భోజనశాలలో ఆమె ముందు కూర్చుంది. తెల్లచొక్కా వేసుకున్న మనిషి వచ్చి, కుర్చీ జరిపి, ఒళ్లో గుడ్డ పరిచి, “ఏం తీసుకుంటారు మేడమ్?” అని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. అడిగింది నిన్నేనమ్మా అన్నాను. ఏం కావాలో ఆమెకు తోచలేదు. ఆమెను ఆ ప్రశ్న అంతకు ముందు ఎవరడిగారు? నేను అడిగానా? చివరికి పెరుగన్నం అన్నది. తెచ్చాడు. తొక్కు సీసా సంచిలోంచి బయటికొచ్చింది. పక్క బల్ల మీద ఉల్లీ వెల్లుల్లీ లేని జైనుల వంట, ఇవతల పిల్లలకు నూడుల్స్, అవతల ఎవరికో కాల్చిన చేప, అన్నీ ఒకే పొగగొట్టం కింద వండినవి. రాత్రంతా కింద రొట్టెలు కాలుతూనే ఉంటాయట. తెల్లారి కిటికీ అవతల నీలం, ఇవతల రొట్టె వాసన. రెండో రోజు అమ్మ తనంతట తనే, “ఇంకొంచెం చాయ్” అన్నది. ఆ రెండు ముక్కల కోసం ఈ టికెట్టు డబ్బు మళ్లీ ఇంకోసారి కట్టమన్నా కడతాను.

నాటకశాలలో రంగులు, పాటలు, మాయాజాలం. బాగున్నాయి. జూదపు గది వైపు మేం పోలేదు. కొలను దగ్గర మాత్రం చాలాసేపున్నాం. పిల్లలు దూకుతున్నారు, నీళ్లు అంచు దాటి చిమ్ముతున్నాయి. అమ్మ మెట్టు మీద కూర్చుని చీర మోకాళ్లదాకా జరిపి కాళ్లు నీళ్లలో పెట్టింది. వంగిన ఆ ఎముకలు నీళ్లలో ఇంకా వంగి కనిపించాయి. ఓడ మెల్లగా ఊగినప్పుడు కొలనులో నీరు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఒరిగి ఆమె కాళ్లను తడిమింది. నీ కడుపు కింద రెండు వైపులా చేప రెక్కల్లాంటివి ఉంటాయి, ఒరగకుండా పట్టుకోవడానికి. అవి ఎంత పట్టుకున్నా కొంచెం ఊపు మిగుల్చుతావు. ఉయ్యాలకు కావలసినంత ఊపు.

ఇంత హాయి ఎవరి చేతుల మీదుగా వస్తున్నదో నువ్వు దాచలేదు. దాచినా నేత ఇంటివాళ్లకు తెలుస్తుంది, చీర వెనకవైపు తిప్పి చూడటం మాకు అలవాటు. దుప్పటి వెనక బట్టలుతికే గది ఉంది, కిటికీల్లేనిది. పళ్లెం వెనక ఆవిరిలో గిన్నెలు తోమే మనిషి ఉన్నాడు. శ్రీకాకుళం కుర్రవాడికి ఒప్పందం నెలల లెక్కన, అది పూర్తయ్యేదాకా ఇల్లు ఫోనులోనే. వాళ్లమ్మ వీడియోలో ఎప్పుడూ, “తిన్నావేటిరా?” అనే అడుగుతుందట. మా అమ్మ సంచిలోంచి నువ్వుల లడ్డూలు తీసి నాలుగు వాడి చేతిలో పెట్టింది. వద్దన్నాడు, రూలు ఒప్పుకోదన్నాడు. “మీ అమ్మ పంపిందనుకో బిడ్డా” అంటే మాట్లాడకుండా తీసుకున్నాడు. ఓడా, నీ బిడ్డలకు దండం. వాళ్ల పేర్లు చొక్కా మీద అంత చిన్న పలకలో రాసి ఉంటాయి, దగ్గరికి పోయి చదవాలి. పోయి చదివాను, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాను.

రెండో రాత్రి పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. దీపాలకు దూరంగా పోతే చుక్కలు దిగివస్తాయి. నువ్వు వెనక వదిలిన తెల్లని చార నీళ్ల మీద పడి ఉంది. “పడుగు మీద పేక పోయినట్టున్నది” అన్నది అమ్మ. కింద నల్లని నీళ్లను చూస్తుంటే నాకు ఇదే సముద్రం మీద పోయిన మనవాళ్లు గుర్తొచ్చారు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్‌కు మోసుకుపోయిన మూడువందల నలభై రెండు మందిలో తెలుగువాళ్లున్నారు, చెరకుతోటల్లో కూలికి పోయినవాళ్లు. కాకినాడ నుంచి, విశాఖ నుంచి రంగూన్‌కు డెక్ టికెట్టు కొనుక్కుని ఎండకూ వానకూ మూటల మీద కూర్చుని పోయినవాళ్లు. వాళ్లకు నీళ్లు కొలిచి పోసేవాళ్లు. చుట్టూ సముద్రం, చేతిలో సగం చెంబు. ఓడా, నువ్వు వాళ్లను మోసినదానివి కాదు, నీ తాతమ్మలు మోశాయి. అయినా నీ నల్లా తిప్పినప్పుడల్లా ఆ సగం చెంబు నాకు కనిపించింది.

మనుషులే కాదు, మన గుడ్డ కూడా పోయింది. ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నూలును రోజుల తరబడి పిసికి, ఎరుపూ నలుపూ తెలుపూ అద్ది నేసే తేలియా రుమాలు, ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేది. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లన. చీరాలలో పుట్టిన ఆ విద్య మా దాపునే పుట్టపాక మగ్గాల మీద బతికి ఉంది. “మన రుమాలు ఎన్నడో సూసింది గీ సముద్రాన్ని. మనం గిప్పుడు సూసినం” అన్నది అమ్మ.

అంటూ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. గంగమ్మకు వేద్దామని చెయ్యి పైకెత్తింది. అటుగా పోతున్న సిబ్బంది ఒకతను ఆగి రెండు చేతులూ జోడించి, “ఇక్కణ్ణుంచి ఏదీ సముద్రంలో వేయకూడదమ్మా” అన్నాడు. నిజమే, నీ ఇంట్లో నుంచి చిన్న కాగితం ముక్క కూడా నీళ్లలో పడకూడదన్నది నీ నియమం. అమ్మకు అది నచ్చింది. “ఔ, ఇంత మంచి నీళ్లిచ్చినంక దీంట్ల ఏమన్న ఏస్తరా?” అని బిళ్లను మళ్లీ కొంగున ముడేసుకుంది. ముడేసుకుంది గాని, మొక్కు మొక్కే. చెల్లించందే ఆమెకు నిద్రపట్టదు.

దిగే రోజు పొద్దున ఆమె హంసను విప్పలేదు. నల్లా దగ్గరికి పోయి, తెచ్చుకున్న సీసా నిండా నీళ్లు పట్టుకుంది. మెట్ల మీద ఒకసారి ఆగి, గడప దిగేటప్పుడు ఇంటికి మొక్కినట్టు నీ ఇనుప గోడను చేత్తో తాకి కళ్లకద్దుకుంది.

విజయవాడలో రైలు దిగి హైదరాబాదు బస్సెక్కాం. కోదాడ దాటింది, సూర్యాపేట దాటింది. టేకుమట్ల దగ్గర మూసీ వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఇసుకలో సన్నని పాయ. అమ్మ కిటికీ అద్దం జరిపి కొంగు ముడి విప్పింది. ఎండలో బిళ్ల ఒక్కసారి మెరిసింది.

“పోతదా బిడ్డా ఆడిదాంక?”

“మూసీ పోయి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. కృష్ణ పోయి హంసలదీవి కాడ సముద్రంల కలుస్తది.”

“అయితే చేరుతది తియ్” అని, సీసా మూత తీసి ఒక గుక్క తాగి, మిగిలినవి నాకిచ్చింది.